పరదేశ పునర్నిర్మాణ సాహాయ్యము - మన చట్టసభ మౌనము
(వికారాబాదు, తాండూరు పఠనమందిరములలో చేసిన ప్రసంగపాఠము)



నాపరాళ్ళు దేశమునకెల్ల నందించు తాండూరువారికి ఇల్లు కట్టుట యెంత కష్టమో మేము చెప్పనక్కఱలేదు. యుద్ధమున కూలిన పరదేశమును కట్టుటకు మన సొమ్ము ఎట్లు పోవుచున్నదో నేడు ముచ్చటింపదలచితిమి.

రెండవ ప్రపంచ సంగ్రామమున శిథిలమైన పశ్చిమ ఐరోపాను నిలబెట్టుటకు అమెరికావారు ఒక శాసనమునే చేసిరి. 1948 ఏప్రిల్ 3వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ దానిపై చేవ్రాలు చేసెను. లోకము మార్షల్ పథకమని పిలిచినది దానినే. నాలుగేండ్లలో రమారమి 1,300 కోట్ల డాలర్లు వెచ్చించిరి. అందు స్వలాభము లేదని మేమనము. తమ సరకులకు బేరము, కమ్యూనిజమునకు అడ్డుకట్ట, రెండును వారి మనస్సున నుండెను. అయినను ఎంత యీవలెను, ఏ షరతులపై నీవలెను అని వారి కాంగ్రెసు నెలల తరబడి తర్కించినది. ఖర్చును కనిపెట్టుటకు ఉభయసభల సభ్యులతో నొక సంఘమును ఆ శాసనమే యేర్పఱచినది.

మనమును ఇచ్చితిమి. 2001 తరువాతి రెండు దశాబ్దములలో ఆఫ్ఘనిస్థానమునకు మన సాహాయ్యము 300 కోట్ల డాలర్లు దాటినది. జరంజ్-దెలారాం నడుమ 218 కిలోమీటర్ల బాట, హరీరూద్ నదిపై 2016లో ప్రారంభమైన సల్మా ఆనకట్ట, కాబూలున 2015 డిసెంబరు 25న ప్రారంభమైన పార్లమెంటు భవనము మన ధనముతో లేచినవే. ఆ బాట వేయుటలో మనవారు ప్రాణములు సైతము కోల్పోయిరి. తాలిబానులు వచ్చిన పిమ్మట 2022లో గోధుమలు పంపుటయు మానలేదు. ఇదంతయు మెచ్చదగినదే.

కాని యీ దానమునకు ప్రత్యేక శాసనమేదియు లేదు. విదేశాంగశాఖ పద్దులలో నొక పంక్తి, అంతియే! 2024-25లో ఆ పంక్తి విలువ 200 కోట్ల రూపాయలు. పెక్కు శాఖల పద్దులను గడువు తీరినదని చర్చ లేకయే ఒక్కుమ్మడిగా నామోదించుట మన లోకసభ రివాజు. దీనిని గిలొటిను అందురు; తల నఱకు యంత్రము పేరు, తగినదే. 2023 మార్చి 23న సుమారు 45 లక్షల కోట్ల రూపాయల బడ్జెటు పద్దులన్నియు, సభలో గగ్గోలు నడుమ, నిట్లే గడచినవి. కాబూలున మనము కట్టించిన సభాభవనమున 2021 ఆగస్టు నుండి ప్రతినిధులు లేరు. దిల్లీ భవనమున ప్రతినిధులున్నారు, చర్చయే కఱవైనది.

వికారాబాదులో ఒక పెద్దమనిషి మమ్ముల నిలవేసి, "బండల లారీలు త్రొక్కిన మా బాటలు బాగుచేసిన పిమ్మట కదా కాబూలు బాట?" అనెను. ఆయన కోపమును మేము తప్పుపట్టము. తాండూరు కంది పండించు రైతు డీజిలుపై చెల్లించు సుంకము దిల్లీ ఖజానాకు చేరుచున్నది. అది యెచటికి పోవునో వానికి చెప్పినవారు లేరు. చెప్పి, వాదించి, ఒప్పించి ఇచ్చినచో ఆ పెద్దమనిషియే ముందుగా చేయి చాచి యిచ్చును. మన జనులు పిసినారులు కారు.

విదేశవ్యవహారములు రహస్యములని కొందఱందురు. రాయబారుల మంతనములు రహస్యములు కావచ్చును. నదిపై కట్టిన ఆనకట్టను దాచుట యెట్లు?

కావున ఏ దేశమునకు, ఏ పనికి, ఎన్నేండ్లు, ఎంత యిచ్చుట, పని చెడినచో ఎవరు లెక్క చెప్పుట అనునవి తేల్చు శాసనమొకటి కావలెను. వికారాబాదు, తాండూరు రెండును చేవెళ్ళ లోకసభ నియోజకవర్గములోనివే. రాబోవు బడ్జెటు సమావేశములకు ముందే మీ ప్రతినిధికి ఈ సంగతి జాబు వ్రాయుడు. దాని ప్రతి మాకు పంపినచో ఈ పుటలోనే అచ్చువేయుదుము. ప్రత్యుత్తరము వచ్చినచో దానిని సైతము.