డాబామీది ఎండ
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు అయిదు నిమిషాలే ఇచ్చారు. ఆఫీసులో ఒక నోటు పెట్టడానికే రెండు రోజులు తీసుకున్నవాణ్ణి, అయినా ప్రయత్నిస్తాను.

1984లో ఇందల్వాయిలో మా ఇంటి వెనక మా నాయన గోబర్ గ్యాస్ కట్టించారు. రెండు ఘనపు మీటర్లది, పైన ఇనుప డ్రమ్ము. రోజుకు యాభై కిలోల పెండ కావాలి. కొట్టంలో అయిదు పశువులుండేవి కనుక సరిపోయేది. మా అమ్మ పొగ లేకుండా వంట చేసింది. మిగిలిన మడ్డి పసుపు చేనుకు పోసేవాళ్ళం. అంత మంచిదీ పదేళ్ళకే మూలబడింది. తప్పు గ్యాసుది కాదు. ట్రాక్టరు వచ్చి ఎద్దులు పోయాయి, నాయన నడుము వంగింది, నేను బదిలీలతో ఊళ్ళు తిరిగాను. రోజూ పెండ కలిపే చేతులు లేక డ్రమ్ము తుప్పు పట్టింది.

అందుకే నిరుడు డాబామీద సోలారు పెట్టిస్తానంటే మా ఇంటామె "ఇదీ ఆ డ్రమ్ములాగేనా?" అన్నది. మా అబ్బాయి ఇంకా సూటిగా, "పెట్టుబడి తిరిగి రావడానికి అయిదేళ్ళు పడుతుంది నాన్నా, మీకిప్పుడు డెబ్బై మూడు" అన్నాడు. లెక్క సరిగానే వేశాడు, గుమాస్తా కొడుకు కదా!

నేను పెట్టించింది రెండు కిలోవాట్లు. మంచి ఎండకు రోజుకు ఎనిమిది యూనిట్ల దాకా ఇస్తుంది, వానాకాలం తగ్గుతుంది. మనం వాడగా మిగిలింది లైనులోకి పోతుంది, మీటరు దాన్నీ లెక్కిస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద 60,000 సబ్సిడీ వచ్చింది. అయితే ముందు మన డబ్బు పెట్టాలి, అది తర్వాత ఖాతాలో పడుతుంది. అది పోను నా చేతినుంచి 80,000 పడింది. 1,400 వచ్చే బిల్లు ఇప్పుడు నూటయాభై దాటడం లేదు. గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉచితంగా వస్తున్నవారికి మాత్రం ఈ తొందర అవసరం లేదని నా మనవి.

నాకెవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. లైనులో కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది! మే నెల మిట్టమధ్యాహ్నం నెత్తిన అంత ఎండ ఉండి ఇంట్లో ఫ్యాను తిరగలేదు. బిగించినవాళ్ళ మీద మండిపడ్డాను. మన ఇంటి కరెంటు తీగల్లోకి పోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పట, అందుకని తనంతట తానే ఆగేలా చేస్తారు. కోతల్లోనూ కావాలంటే బ్యాటరీ వేరే కొనాలి. సంతకం పెట్టేముందే అడగండి.

చాకిరీ మాత్రం లేదు. పదిహేను రోజులకోసారి పొద్దున్నే పలకల మీది దుమ్ము కడగాలి, అంతే. మొన్న నాకు మోకాలు నొప్పి చేస్తే మనవరాలు పైపు పట్టుకుని ఎక్కింది. మా అబ్బాయి లెక్కకు ఇంకా నాలుగేళ్ళుంది. మా ఇంటామె డ్రమ్ము మాట ఎత్తడం మానేసింది.

సెలవు.