తన దావాకు తానే తీర్పరి కారాదు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ ధనము ఎవరిదని అడిగినచో గ్రామ ప్రజలదని మీరందరును వెంటనే చెప్పుదురు. కూలివాడు కట్టిన ఇంటిపన్నును, మోతుబరి రైతు కట్టిన ఇంటిపన్నును అందులో కలిసియే యున్నవి. ఆ ధనము పనులకై వ్యయమగునప్పుడు పదిమంది కన్నులును దానిపై నుండును. రోడ్డు వేసినచో కనబడును. వీధిదీపము వెలుగనిచో తెలియును. కాని వ్యాజ్యములలో రాజీ పేరిట వెళ్లిపోవు ధనము ఎవరి కంటను పడదు. ఆ వ్యాజ్యము వేసినవారు పదవిలో నున్నవారే అయినచో మరింత జాగరూకత అవసరము. నేడు మీతో మనవి చేయదలచిన విషయ మిదియే.

కృష్ణా డెల్టాలో ఒక గ్రామమున్నదనుకొందము. మురుగు కాలువను వెడల్పు చేయించునప్పుడు ఒక రైతు ప్రహరీగోడ కూలినది. 3 లక్షల రూపాయల పరిహారము కోరుచు ఆయన పంచాయతీపై దావా వేసెను. ఇంతలో ఎన్నికలు జరిగి ఆయనయే సర్పంచి ఆయెను. ఇప్పుడు వాది ఆయనయే. ప్రతివాదియైన పంచాయతీకి పెద్దయు ఆయనయే. 2 లక్షలకు రాజీ కుదిరినదని తీర్మానము వ్రాసినచో, ఆ బేరములో గ్రామము పక్షమున నిలిచినవారెవరు? గోడకు కలిగిన నష్టము నిజముగా 50 వేలే అయినచో, మిగిలిన లక్షన్నరతో వేసవిలో మంచినీటి చెరువునకు మరమ్మతు చేయించుకొని యుండవచ్చును గదా!

ఈ చిక్కు మన పల్లెలకే పరిమితము కాదు. అమెరికాలో 2025 నవంబరున ప్రభుత్వ వ్యయమునకు సంబంధించిన ఒక చట్టములో క్రొత్త నిబంధన యొకటి చేరినది. సెనేటు సభ్యుల ఫోను వివరములను వారికి తెలుపక సేకరించినచో, వారు ప్రభుత్వముపై దావా వేసి, ఒక్కొక్క ఉల్లంఘనకు 5 లక్షల డాలర్లు కోరవచ్చునని దాని సారాంశము. చట్టము చేసినవారే ఖజానానుండి ధనము పొందు మార్గము వేసికొనుట తగదని ఉభయ పక్షముల వారును ఆక్షేపించిరి. ఆ నెల 19వ తేదీన ప్రతినిధుల సభ, ఒక్క వ్యతిరేకపు ఓటైనను లేకుండ, 426 ఓట్లతో ఆ నిబంధనను రద్దుచేయు బిల్లును ఆమోదించినది.

మన దేశమున ఈ నియమమంతయు ఒకేచోట కుదురుగా వ్రాసి లేదు. కాని దాని మూలసూత్రములను సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పియున్నది. 1969లో తీర్పు వెలువడిన క్రైపాక్ కేసు చూడుడు. జమ్మూ కాశ్మీరులో ఒక అటవీ అధికారి ఉద్యోగుల ఎంపిక సంఘములో సభ్యుడు. అభ్యర్థులలో ఒకడును ఆయనయే. తన పేరు వచ్చినప్పుడు ఆయన సంఘమునుండి తప్పుకొనెను; పోటీదారుల పేర్లు పరిశీలించునప్పుడు మాత్రము పాల్గొనెను. సుప్రీంకోర్టు ఆ ఎంపికను కొట్టివేసినది. కావున తన దావాకు ఓటు వేయు నిమిషమున లేచి వెలుపలికి పోయినంత మాత్రమున చాలదు. ఆ విషయమునకు సంబంధించిన చర్చ యావత్తునకును దూరముగా నుండవలెను.

రెండవ సూత్రము 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో వెలువడినది. అధికారి పెట్టిన బాధకు పరిహారమును ఖజానానుండి చెల్లించినచో, ఆ భారము తుదకు పన్ను కట్టిన సామాన్యునిపైననే పడును. కావున బాధితునికి ముందుగా చెల్లించి, పిదప ఆ సొమ్మును బాధ్యుడైన అధికారినుండి రాబట్టవలెనని న్యాయస్థానము నిర్దేశించినది.

అట్లని పదవిలో నున్నవారికి నష్టమే కలుగదని గాని, పరిహారము పొందు హక్కు లేదని గాని నేను చెప్పుట లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇండ్లు మునిగినప్పుడు, క్రింది అంతస్తులోని కుటుంబమునకు 25 వేలు, పై అంతస్తులోని కుటుంబమునకు 10 వేలు అని ప్రభుత్వము ప్రకటించినది. మునిగినది కూలివాని ఇల్లైనను, కార్పొరేటరు ఇల్లైనను రేటు ఒక్కటే. అందు బేరమునకు తావు లేదు. రాజీలో నున్నది బేరము. అందువలననే దానికి కట్టుబాటు కావలెను.

లోక్ అదాలత్ సంగతియు గమనింపుడు. న్యాయసేవల చట్టము, 1987 ననుసరించి ఏర్పడిన ఈ అదాలత్‌లు పేదలకు ఖర్చును, కాలయాపనను తప్పించుచున్నవి. అయితే అక్కడ కుదిరిన రాజీకి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన బలము కలదు; దానిపై అప్పీలు లేదు. కాబట్టి పరిశీలన యంతయు సంతకమునకు ముందే జరుగవలెను.

ఇందుకై మీరు చేయదగిన పనులు కొన్ని కలవు. పంచాయతీపైనున్న దావాలన్నిటికి ఒక రిజిస్టరు ఉంచి, వాది పేరు, కోరిన మొత్తము, వాయిదా తేదీ అందులో వ్రాయుడు. వాది సభ్యుడుగాని, సభ్యుని బంధువుగాని అయినచో ఆ సంగతిని సమావేశమున ముందుగా ప్రకటింపుడు. ఆ సభ్యుడు చర్చలో పాల్గొనరాదు. నష్టమును పంచాయతీతో సంబంధము లేని ఇంజనీరుచేత అంచనా వేయించి, ప్రభుత్వ ప్లీడరు అభిప్రాయమును వ్రాతమూలకముగా తీసికొనుడు. రాజీకి ఒప్పుకొనుటకు ముందు పై అధికారులకు తెలియజేయుడు. మొత్తమును, కారణమును గ్రామసభలో చదివి వినిపింపుడు. అక్రమ వ్యయమును ఆడిట్ శాఖ బాధ్యులనుండి వసూలు చేయించు సర్‌చార్జి పద్ధతి యున్నదని మరువకుడు. తీర్మానమునకు చేయెత్తిన సభ్యుడు “నాకు తెలియదు” అని తప్పించుకొనజాలడు.

ఇట్లు చేయుట సర్పంచిని అవమానించుట కాదు, ఆయనకే రక్షణ. న్యాయముగా రావలసిన 50 వేలు పదిమంది యెదుట లెక్కకట్టి ఇచ్చినచో ఆయనపై ఎవరును వేలెత్తి చూపజాలరు. మూసిన తలుపుల వెనుక పుచ్చుకొన్నచో, న్యాయమైన సొమ్మునకు కూడ నింద తప్పదు.

మీ తదుపరి సమావేశపు కార్యక్రమములో “పంచాయతీపైనున్న దావాలు” అను అంశమును చేర్పుడు. లెక్క తెలిసికొనుటతో పని ఆరంభమగును.