పచ్చి క్యాబేజీ సలాడ్ - నా అనుభవం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను, ముప్పై ఏళ్ళు లెడ్జర్లు రాసినవాణ్ణి. కనుక తిని తెలుసుకున్నదే చెబుతాను.

అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో కోల్‌స్లా అనే చల్లని పదార్థం తిన్నాను. పచ్చి క్యాబేజీని సన్నగా తరిగి, క్యారెట్ తురుము, మయోనైజ్ కలిపి ఫ్రిజ్‌లో పెడతారు. డచ్చి భాషలో 'కోల్' అంటే క్యాబేజీ, 'స్లా' అంటే సలాడ్. 1664లో ఇంగ్లీషువారి వశం కాకముందు న్యూయార్క్ డచ్చివారిదే కదా! మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది. మా ఆవిడ గుడ్డు ముట్టదు. అందుకని ఇంటికి వచ్చాక నిమ్మరసంతో చేసింది.

పద్ధతి సులువు. పై ఆకులు తీసేసి, నాలుగు చెక్కలుగా కోసి, మడతల్లో పురుగూ మట్టీ లేకుండా బాగా కడగాలి. దారాల్లా తరిగి, చిటికెడు ఉప్పు కలిపి పావుగంట ఉంచాలి. ఉప్పు ఆకులోని నీటిని బయటికి లాగుతుంది. పిండేస్తే ముక్క మెత్తబడి, కట్టుడు పళ్ళవారికీ నమలడానికి వీలవుతుంది. తరువాత నిమ్మరసం, మిరియాల పొడి, కొత్తిమీర. బి.పి. ఉన్నవారు మళ్ళీ ఉప్పు వేసుకోవద్దు.

వంద గ్రాముల పచ్చి క్యాబేజీలో సుమారు 36 మిల్లీగ్రాముల 'సి' విటమిన్ ఉంటుంది. ఉడికించి నీరు పారబోస్తే అందులో చాలా భాగం పోతుంది.

ఇక అసలు సంగతి. మంచిదన్నారు కదా అని రోజుకు పెద్ద గిన్నెడు తినసాగాను. గుండె జబ్బుకు నేను వార్ఫరిన్ మాత్ర వేసుకుంటున్నాను. నెల తిరిగేసరికి రక్తపరీక్షలో మందు సరిగా పనిచేయడం లేదని తేలింది. "కొత్తగా ఏం తింటున్నారు?" అని డాక్టరుగారు అడిగేవరకు నాకు తట్టలేదు. క్యాబేజీలోని 'కె' విటమిన్ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది, ఆ మాత్ర దానికి అడ్డుపడుతుంది. "మానక్కరలేదు, రోజూ ఒకే కొలతలో తినండి. ఒక్కసారిగా పెంచవద్దు, తగ్గించవద్దు" అన్నారు. రక్తం పలుచన చేసే మందులన్నీ ఇలాంటివి కావు. మీది ఏదో మీ డాక్టరునే అడగండి.

మిత్రులారా, ఆఫీసులో పైసా తేడా వస్తే రాత్రంతా కూర్చుని వెతికినవాళ్ళం. మన కంచం లెక్క కూడా డాక్టరుకు దాచకుండా చెబుదాం. ఇప్పుడు మా ఇంట్లో రోజూ ఒక చిన్న కప్పు, అంతే.