వేన్నీళ్ల కాగు కింద ఏం పెడదాం?

భీష్మ ఏకాదశి రథోత్సవానికి అంతర్వేదిలో ఇంటినిండా చుట్టాలే. ఆ మాఘమాసపు చలిలో తెల్లారకుండానే అందరికీ వేన్నీళ్లు కావాలి. గ్యాసు బండ వంటకి ఉంచుకోండి, నీళ్లకి ఖర్చుపెట్టడం దండగ. కరెంటు హీటరైతే 20 లీటర్ల బకెట్టుకి సుమారు అర యూనిట్టు. చవకే, కానీ తుఫానొస్తే ముందు పోయేది కరెంటే. పెరట్లో కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు మాత్రం ఏడాది పొడవునా దొరుకుతాయి. పచ్చి డొక్క పెడితే మంట రాదు, పొగే వస్తుంది. కళ్లు మండి, కాగు మసిబారుతుంది. డొక్కలు విడదీసి, పీచు లోపలిదాకా ఎండనివ్వండి. వానలకు ముందే కొన్ని చూరు కింద పేర్చుకోండి. పొయ్యి ఆరుబయటే ఉండాలి. చలికాచుకోవడానికని నిప్పుల కుంపటి తలుపులేసిన గదిలో పెట్టకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.