చివరి ఇంజక్షన్ తర్వాత

(సొసైటీ వార్షిక సభలో ఒక పిల్లల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



 

నన్ను పిలిచినప్పుడు కార్యదర్శిగారు ఒక మాట అన్నారు. "డాక్టర్ సాబ్, ఈ ఏడు మన సాయం అందుకున్న వారిలో బ్లడ్ క్యాన్సర్ పిల్లలు కూడా ఉన్నారు. ఆ జబ్బు గురించి మన దాతలకు నాలుగు మాటలు చెప్పండి" అని. జబ్బు గురించి కొంచెం చెబుతాను. ఎక్కువసేపు మాత్రం జబ్బు నయమైన తర్వాతి సంగతులు మాట్లాడతాను. వైద్యం పూర్తయిందని మనం ఫైలు మూసేస్తాం. కొందరు పిల్లలకు రెండో కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఏడేళ్ళ క్రితం ఒక లారీ మెకానిక్ తన కొడుకును నా దగ్గరకు తీసుకొచ్చాడు. ఆ పిల్లవాడికి నాలుగేళ్ళ వయసులో బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. రెండున్నరేళ్ళు వైద్యం జరిగింది. అల్హందులిల్లాహ్, జబ్బు పోయింది. నా దగ్గరకు వచ్చేనాటికి పదేళ్ళు, ఐదో తరగతి. తండ్రి ఇలా చెప్పాడు: "డాక్టర్ సాబ్, వీడికి చదువంటే బద్ధకం. బోర్డు మీద రాసింది సగం కూడా దించుకోడు. అంగడికి పంపి మూడు సరుకులు చెబితే ఒకటి తెస్తాడు. ఏమన్నా అంటే కోపం. నిన్న ఓర్చుకోలేక కొట్టాను." అంతవరకు చెప్పి ఏడ్చేశాడు. చావు నోట్లోంచి తిరిగొచ్చిన కొడుకు మీద చేయి చేసుకున్నానని ఏడ్చాడు.

పక్కనే ఉన్న తల్లి ఇంకో మాట చెప్పింది. "మక్తబ్‌లో ఉస్తాద్ గారు కూడా అదే అంటున్నారు. పాత పాఠం, ఆమూఖ్తా, బాగానే ఒప్పజెబుతాడట. కొత్త సబఖ్ మాత్రం ఎక్కడం లేదట."

ఆ తల్లి తెలియకుండానే సమస్యనంతా ఒక్క మాటలో చెప్పేసింది. ఆ పిల్లవాడు నేర్చుకున్నది మరిచిపోలేదు. కొత్తది నేర్చుకునే వేగం తగ్గింది. తోటి పిల్లలు ముందుకు పోతున్నారు, వీడు వెనకబడుతున్నాడు.

నా తప్పు కూడా చెప్పాలి. వైద్యం పూర్తయిన రోజు ఈ దంపతులు నాకు మిఠాయి పెట్టె ఇచ్చి వెళ్ళారు. "ఇక భయం లేదు, అందరు పిల్లల్లాగే పెంచండి" అన్నాను. అది సగం మాటే. మిగిలిన సగం నేను చెప్పి ఉంటే ఆ పిల్లవాడికి దెబ్బలు తప్పేవి. ఆ మిగిలిన సగం ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు మూడింట ఒక వంతు లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్. అందులోనూ ఎక్కువమందికి వచ్చే రకం అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఇది రెండు నుంచి ఐదేళ్ళ వయసులో ఎక్కువగా కనబడుతుంది. ఒకప్పుడు ఇది వచ్చిందంటే కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. దీనికి మొదటి మందు దొరకడంలో మన తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పరిశోధన నడిపించారు. ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులు ఆయన బృందం నుంచి వచ్చాయి. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కు తగ్గినట్టు 1948లో ప్రకటించారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందుల కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. ఈనాటికీ ఈ పిల్లలకు అది తప్పనిసరి మందు.

మందులు దొరికినా జబ్బు తిరగబెట్టేది. రక్తంలో ఇచ్చిన మందు మెదడు లోపలికి సరిగా పోదు. లుకేమియా కణాలు అక్కడ, వెన్నునీటిలో దాక్కుని మళ్ళీ బయటకు వస్తాయి. అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1962లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రి డాక్టర్లు 1960లలో దీనికి దారి కనిపెట్టారు. తలకు రేడియేషన్ ఇచ్చారు. మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారే, అది. దానితోపాటు వెన్నులోకి నేరుగా మెథోట్రెక్సేట్ ఇంజక్షన్లు ఇచ్చారు. దాంతో సుమారు సగం మంది పిల్లలు బతికి బయటపడటం మొదలైంది.

ఈ సభలో ఆ ఆసుపత్రి పేరు చెప్పడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని నడిపేందుకు విరాళాలు పోగుచేసే సంస్థ 1957లో పుట్టింది. లెబనాన్, సిరియాల నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబాలవారు, డానీ థామస్ అనే నటుడి పిలుపు మీద, తమ కమ్యూనిటీలో చందాలు వేసుకుని దాన్ని మొదలుపెట్టారు. ఒక చిన్న కమ్యూనిటీ దాతలు ప్రపంచంలోని పిల్లలందరికీ పనికొచ్చే వైద్యానికి దారి వేశారు. మీరు కూర్చున్న చోట అలాంటి మనుషులే కూర్చున్నారని గుర్తుపెట్టుకోండి.

అయితే కొన్నేళ్ళు గడిచాక ఆ పిల్లలను మళ్ళీ పరీక్షిస్తే డాక్టర్లకు మరో సంగతి తెలిసింది. బతికిన పిల్లల్లో చాలామంది చదువులో వెనకబడుతున్నారు. మరీ చిన్న వయసులో తలకు రేడియేషన్ తీసుకున్నవారిలో, అందులోనూ ఆడపిల్లల్లో, ఈ నష్టం ఎక్కువగా కనబడింది. అందుకే మోతాదు 24 గ్రే నుంచి 18కి తగ్గించారు. తర్వాత చాలామందికి రేడియేషన్ మానేసి, వెన్నులో ఇంజక్షన్లతో, ఎక్కువ మోతాదు మెథోట్రెక్సేట్‌తో సరిపెట్టారు. అదే సెయింట్ జూడ్ డాక్టర్లు ముందుజాగ్రత్త రేడియేషన్ అసలే లేకుండా 498 మంది పిల్లలకు వైద్యం చేసి, ఐదేళ్ళ తర్వాత నూటికి 93 మందికి పైగా బతికి ఉన్నారని 2009లో ప్రకటించారు. సుబ్హానల్లాహ్! 1948 ఎక్కడ, 2009 ఎక్కడ!

రేడియేషన్ తగ్గాక నష్టం చాలా తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు. కారణం మందు పనితీరులోనే ఉంది. క్యాన్సర్ కణం పెరగాలంటే ఫోలేట్ కావాలి. మెథోట్రెక్సేట్ దానికి ఆ ఫోలేట్ అందకుండా చేస్తుంది. పెరిగే పిల్లవాడి మెదడుకూ ఫోలేట్ కావాలి. మెదడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు మోసే నరాల తీగలు ఉంటాయి. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు వాటి మీదా ఒక తొడుగు ఉంటుంది. అది చిన్నతనంలోనే ఏర్పడుతూ ఉంటుంది. వైద్యం వల్ల ఆ తొడుగు దెబ్బతింటే కబురు పోతుంది గానీ ఆలస్యంగా పోతుంది.

ఆ ఆలస్యం ఇంట్లో, బడిలో ఎలా కనబడుతుందో చెబుతాను. 27కి 48 కలపమంటే పిల్లవాడు 7కి 8 కలిపి 15 అనుకోవాలి, 5 రాసి, 1ని మనసులో పట్టుకోవాలి. ఈ పిల్లలకు ఆ 1 జారిపోతుంది. అందుకే ముందు దెబ్బతినేది లెక్కలే. టీచరు వరుసగా మూడు పనులు చెబితే మొదటిది చేసి ఆగిపోతారు. చుట్టూ చప్పుడు ఉంటే ధ్యాస నిలవదు. జవాబు తెలిసినా పరీక్ష టైము చాలదు. విన్‌క్రిస్టిన్ అనే మందు చేతులు, కాళ్ళ నరాల మీద పనిచేస్తుంది కాబట్టి కొందరికి రాత కూడా నెమ్మదిస్తుంది. ఒకటి, రెండు తరగతుల్లో ఇవేవీ పెద్దగా తెలియవు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో పాఠాల బరువు పెరిగాక బయటపడతాయి. అప్పటికి జబ్బు సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. అందుకే దానికి "బద్ధకం" అని పేరు పెడతారు.

స్వభావం సంగతి కూడా అంతే. వైద్యం జరుగుతున్న రోజుల్లో స్టెరాయిడ్ వల్ల పిల్లలు చిరాకుపడతారు, అర్ధరాత్రి లేచి అన్నం అడుగుతారు, నిద్రపోరు. అది చాలావరకు మందు ఆపాక తగ్గుతుంది. కొందరిలో తర్వాత కనబడే కోపం, మౌనం, తోటివారితో కలవలేకపోవడం వేరు. రోజూ ఓడిపోయే పిల్లవాడు ఎలా ఉంటాడో ఆలోచించండి. పైగా మనం జాలితో వాణ్ణి ఆటలకు పంపం. స్నేహితులు ఎలా దొరుకుతారు?

రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఒకటి, అందరు పిల్లలకూ ఇలా జరగదు. ఎందరో చక్కగా చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. ఇబ్బంది ఉన్నవారిలోనూ చాలామంది తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. తగ్గేది ధ్యాస, వేగం. రెండు, ఈ భయంతో ఎవరూ వెన్నులో ఇంజక్షన్ మానిపించకూడదు, కీమో మధ్యలో ఆపకూడదు. ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ప్రాణం పోతుంది. ముందు ప్రాణం. ప్రాణం దక్కాక చదువు సంగతి మనందరం కలిసి చూసుకోవాలి.

ఆ మెకానిక్ కొడుకును సైకాలజిస్టుకు చూపించాం. పరీక్షల్లో తెలివి మామూలే అని, ధ్యాస, వేగం మాత్రం వయసుకు తగ్గట్టు లేవని తేలింది. ఆ కాగితం తీసుకుని తండ్రి బడికి వెళ్ళాడు. పిల్లవాణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టారు, పరీక్షల్లో కొంత టైము ఎక్కువిచ్చారు. తల్లి ఒకసారికి ఒకే పని చెప్పడం అలవాటు చేసుకుంది. ఉస్తాద్ గారు సబఖ్‌ను మూడు లైన్లకు తగ్గించారు. తండ్రి మళ్ళీ చేయి ఎత్తలేదు. అద్భుతాలేమీ జరగలేదు. పదో తరగతి లెక్కలు రెండోసారి పాసయ్యాడు. ఇప్పుడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ నేర్చుకుంటున్నాడు, తల ఎత్తుకుని తిరుగుతున్నాడు.

దాతలారా, మీరు ఇచ్చిన డబ్బు వల్ల ఎన్నో కుటుంబాలు వైద్యం మధ్యలో మానకుండా నిలబడ్డాయి. బస్సు ఛార్జీలు, గది అద్దె, మందులు మీరు చూశారు. ఒక ప్రాణాన్ని కాపాడటం గురించి ఖుర్ఆన్ చెప్పిన మాట మీకందరికీ తెలుసు, నేను మళ్ళీ చెప్పనక్కరలేదు. నేను అడిగేది ఒక్కటే. చివరి ఇంజక్షన్ రోజున ఆ ఫైలు మూయకండి. పిల్లవాడు పదో తరగతి దాటేవరకు తెరిచి ఉంచండి.

అందులో చేయాల్సినవి పెద్ద పనులు కావు. వైద్యం ముగిసిన రోజే ఏ మందులు, ఎంత మోతాదు, రేడియేషన్ ఉందా లేదా అన్నది ఆసుపత్రి నుంచి ఒక కాగితం మీద రాయించి తల్లిదండ్రులకు ఇవ్వాలి, ఒక నకలు సొసైటీలో ఉంచాలి. వైద్యం ముగిశాక ఒకసారి, హైస్కూలుకు వెళ్ళేముందు ఒకసారి సైకాలజిస్టు పరీక్ష ఖర్చు భరించాలి. వైద్యం జరిగే రెండు మూడేళ్ళు ఇంటికి వచ్చి చదువు చెప్పే టీచరును పెట్టాలి. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన ఆడపిల్లలకు అది ఒక ఉపాధి కూడా అవుతుంది. సొసైటీ తరఫున ఒకరు బడికి వెళ్ళి టీచర్లతో మాట్లాడాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో అభ్యసన లోపాలను కూడా చేర్చారు. అర్హత ఉన్న పిల్లలకు సర్టిఫికెట్ ఇప్పిస్తే పరీక్షల్లో అదనపు సమయం దొరుకుతుంది. ఇందులో ఏది జకాత్ నుంచి ఇవ్వాలి, ఏది సదఖా నుంచి ఇవ్వాలి అన్నది వేదిక మీదున్న ఉలమాలు చెబుతారు.

చివరిగా ఆడపిల్లల తల్లులకు ఒక మనవి. రేపు సంబంధాలు రావేమోనని కొందరు ఆసుపత్రి కాగితాలు చింపేస్తున్నారు, మళ్ళీ డాక్టరు ముఖం చూడటం లేదు. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కాగితం పోతే రేపు ఆ అమ్మాయికి ఏ ఇబ్బంది వచ్చినా అది ఎందుకొచ్చిందో ఏ డాక్టరుకీ తెలియదు. దాచుకోండి, చింపకండి. బిడ్డ అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. బతికించినంత మాత్రాన ఆ అమానత్ తీరిపోదు, పెంచి నిలబెట్టాలి.

అల్లాహ్ మీ దానధర్మాలను స్వీకరించుగాక. జబ్బుతో ఉన్న ప్రతి బిడ్డకు షిఫా, నయమైన ప్రతి బిడ్డకు చదువు, ఓర్పుగల టీచరు, ఓర్పుగల తల్లిదండ్రులు దొరికేలా చేయుగాక. ఆమీన్.

వస్సలామ్.