చింపకండి బాబూ!

స్టాంపులు సేకరించే మేం నలుగురం కలిస్తే ముందు విసుక్కుంటాం, తర్వాతే స్టాంపులు. “అమ్మితే ఎంతొస్తుంది?” అన్నవాళ్లను క్షమించేస్తాం. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీగారి పది రూపాయల స్టాంపును ఫెవికాల్‌తో అంటించినవాణ్ణి మాత్రం క్షమించం. ముద్ర వేయకుండా బాల్‌పెన్నుతో గీత గీకే ఉద్యోగుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందరికన్నా మించినవాళ్లు, ప్రేమగా చింపి తెచ్చేవాళ్లు. అంచున ఒక్క పన్ను ఊడినా స్టాంపు చెడినట్టే; ముద్ర సగం కవరు మీదే ఉండిపోతుంది. ఈ బడి హాస్టలుకు మా నాన్నగారు రాసిన ఆఖరి ఉత్తరం కవరును బంధువొకాయన అలాగే చింపి, స్టాంపు నా చేతిలో పెట్టి, కవరు పారేశారు. ఊరి పేరు మిగిలింది. తేదీ లేదు.

మీ అటకల మీద పాత ఉత్తరాలుంటే కవరుతో సహా ఇవ్వండి. కత్తెర సంగతి నేను చూసుకుంటాను.