వోల్టేజి లేని చోట తీసిన ఫొటో

ఈ పూట మీ ముందు పెట్టదలచింది ఒక ప్రోటీన్ గురించిన తగువు. విశ్రాంతిగా ఉన్న నాడీకణం పొరకు అటూ ఇటూ వోల్టేజి తేడా సుమారు 70 మిల్లీవోల్టులు, టార్చిలైటు సెల్లులో ఇరవయ్యో వంతు. కానీ ఆ కొవ్వు పొర మందం నాలుగైదు నానోమీటర్లే. లెక్క కడితే సెంటీమీటరుకు లక్ష వోల్టులు దాటుతుంది! ఆ ఒత్తిడిలో మూసుకుని ఉండే పొటాషియం చానల్, అంటే పొరలో ద్వారంలా పనిచేసే ఆ ప్రోటీన్, లోపలి వోల్టేజి పెరగగానే తెరుచుకుంటుంది. పెరిగిందని దానికి తెలిసేదెలా? చానల్ అనేదాన్ని ఎవరూ చూడని 1952లోనే శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు స్క్విడ్ నాడీతంతువు మీద కొలతలు తీసి, పొరలో ఆవేశమున్నదేదో కదిలి తీరాలన్నారు. కదిలితే చిటికెడు కరెంటు పుట్టాలి. 1973లో ఆర్మ్‌స్ట్రాంగ్, బెజనీయాలు సోడియం చానల్లో దాన్ని పట్టుకున్నారు. ఈథర్ మత్తులో కాళ్లు వణికించే పండు ఈగ నుంచి 1987లో షేకర్ అనే పొటాషియం చానల్ జన్యువు దొరికింది. అందులో ఎస్4 అనే మెలికలో ప్రతి మూడో చోటా ధనావేశమున్న అమైనో ఆమ్లం, ఎక్కువగా ఆర్జినైన్. కదిలేది ఇదేనని అప్పటికే చాలామందికి నమ్మకం కుదిరింది.

2003లో శాస్త్రవేత్త మెకినన్ బృందం మరిగే నీటికి దగ్గరి వేడిలో బతికే సూక్ష్మజీవి చానల్‌ను స్ఫటికం చేసి ఫొటో తీసింది. అందులో ఎస్4 తెడ్డులా పక్కకు ఒరిగి ఉంది. అది కొవ్వులోంచి చాలా దూరం ఊగుతుందన్నారు. చానల్‌కు మెరిసే అణువులు అతికించి దూరాలు కొలిచినవాళ్లు మాత్రం కదలిక చాలా తక్కువన్నారు. కళ్లెదుట బొమ్మ ఉంటే కొలతలతో పనేమిటని అడగొచ్చు. కానీ స్ఫటికంలో పొర లేదు, వోల్టేజి లేదు. పట్టి ఉంచడానికి కట్టిన యాంటీబాడీలు ఉన్నాయి. వోల్టేజిని పసిగట్టే భాగాన్ని వోల్టేజి లేని చోట చూసి తీర్పు చెప్పడం తొందరపాటేనని నా అభిప్రాయం. అలాగని బొమ్మ దండగ కాదు, కొలతలు దేవవాక్కులూ కావు. అతికించిన అణువు కూడా ప్రోటీన్‌ను కదపగలదు. పాత కొలతల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు తమ సమీకరణంలో ఊహించిన నాలుగు కదిలే రేణువులకూ చానల్‌లోని నాలుగు ఉపభాగాలకూ పొంతన కుదిరిందని మురిసిపోతాం గానీ, ఒక్కో ఉపభాగం ఒకటికి మించిన అంచెల్లో కదులుతుంది కాబట్టి అందులో కొంత అదృష్టమే.

2022లో మెకినన్ ప్రయోగశాలే మళ్లీ ఈ తగువులోకి వచ్చింది. ఈసారి ఈఏజీ అనే మరో పొటాషియం చానల్‌ను కొవ్వు బుడగల పొరలో అమర్చి, ఆ పొరకు నిజంగా వోల్టేజి పెట్టి, క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు. ఎస్4 లోపలి వైపుకు రెండు చుట్లు, అంటే సుమారు ఒక నానోమీటరు, జారి ఉంది.